వోల్కరోనా: టైమిడా, మోడెస్టా? బూట్లు ఊడాక ఎలా నిలబెట్టాలి? (3 వర్సెస్ 3, లెవల్ 50)

సిరిపురం_శలభం:

ఆదివారం సాయంత్రాలు బీచ్ రోడ్డులో కూడే మన బ్యాచ్ నిబంధనలు తెలియనివాళ్ల కోసం ముందే రాస్తున్నా. పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ ఆటలు, సింగిల్స్. ఆరుగురిని చూపించి ముగ్గురిని దింపాలి. అందరి లెవల్ 50కి సర్దుకుంటుంది. ఒకే వస్తువు ఇద్దరికి పెట్టకూడదు. టెరా (మ్యాచ్‌లో ఒకసారి ఒక పోకెమాన్ రకం మార్చుకోవడం) ఉంది. గ్రేట్ టస్క్ లాంటి పారడాక్స్‌లు, టింగ్-లూ లాంటివి అన్నీ ఆడొచ్చు, ఆట డబ్బా మీద బొమ్మ ఉన్న పెద్ద లెజెండరీలు మాత్రం వద్దు.

నా వోల్కరోనా (బగ్, ఫైర్ రకాల పోకెమాన్) ఇది: ఫ్లేమ్ బాడీ, టైమిడ్ (స్పీడ్ పెంచే నేచర్), ఈవీలు (మనం వేసుకునే పెంపు పాయింట్లు) 252 స్పెషల్ అటాక్, 252 స్పీడ్, మిగిలిన 4 స్పెషల్ డిఫెన్స్‌లో. హెవీ డ్యూటీ బూట్స్ (స్టెల్త్ రాక్ లాంటి ఉచ్చులు తగలనివ్వని వస్తువు). క్వివర్ డ్యాన్స్ (స్పెషల్ అటాక్, స్పెషల్ డిఫెన్స్, స్పీడ్ ఒక్కో మెట్టు పెంచేది, కింద డ్యాన్స్ అంటే ఇదే), ఫైరీ డ్యాన్స్, గిగా డ్రెయిన్, బగ్ బజ్. టెరా వాటర్.

స్పెషల్ అటాక్ పెంచే మోడెస్ట్ నేచర్‌కు మారిస్తే దెబ్బ పెరుగుతుందని ఒకరు, మారిస్తే చచ్చావే అని ఇంకొకరు. ఎవరి మాట వినాలి? రెండోది, ఎదుటివాళ్లలో సగం మంది గ్రేట్ టస్క్ తెస్తున్నారు. నాక్ ఆఫ్ కొడితే బూట్లు పోతాయి, ఆ తర్వాత స్టెల్త్ రాక్ (దిగిన ప్రతిసారీ తగిలే రాళ్లు) మీదికి వస్తే సగం ప్రాణం పోతుంది. అప్పుడు దీన్ని మళ్లీ దింపడంలో అర్థం ఉందా? టింగ్-లూ ఎదురుపడితే డ్యాన్స్ వేసిన ప్రతిసారీ వర్ల్‌విండ్‌తో బయటికి తోసేస్తుంది. గార్గనాకల్, డ్రాగొనైట్, హీట్రాన్ ఈ మూడింట్లో ఏదో ఒకటి ప్రతి టీమ్‌లోనూ ఉంటోంది. సెట్ మార్చాలా, టెరా మార్చాలా, పక్కన ఉన్న ఇద్దరిని మార్చాలా?

లెక్కల_మాస్టారు:

నేచర్ సంగతి అభిప్రాయాలతో తేలదు, స్పీడ్ అంకెలు చూస్తే తేలుతుంది. లెవల్ 50లో 252 ఈవీలు వేసిన వోల్కరోనా స్పీడ్ టైమిడ్‌లో 167, మోడెస్ట్‌లో 152. ఒక క్వివర్ డ్యాన్స్ పడ్డాక వరసగా 250, 228.

ఇప్పుడు ఈ రెండు అంకెల మధ్యలో ఎవరెవరు కూర్చున్నారో చూడు. ఛాయిస్ స్కార్ఫ్ (స్పీడ్ ఒకటిన్నర రెట్లు చేసే వస్తువు) కట్టిన జాలీ (ఇదీ స్పీడ్ పెంచే నేచరే) లాండోరస్, థీరియన్ రూపం, 235. స్కార్ఫ్ ఉర్షిఫూ 244. స్కార్ఫ్ గ్రేట్ టస్క్ సరిగ్గా 228, అంటే మోడెస్ట్‌తో టై, ఎవరు ముందు కొడతారన్నది బొమ్మా బొరుసే. టైమిడ్ అయితే ఈ ముగ్గురినీ దాటేస్తుంది. దాటలేనిది స్కార్ఫ్ గార్చోంప్, 253. మూడు పాయింట్ల తేడా. దానికి ఏ నేచర్ పెట్టినా లాభం లేదు. గార్చోంప్ చేతిలో రాక్ దెబ్బ ఉందని అనుకుని టెరా చేయాల్సిందే. డ్రాగాపుల్ట్ స్కార్ఫ్ లేకుండా 213, కాబట్టి ఒక్క డ్యాన్స్‌తో ఏ నేచర్ అయినా సరిపోతుంది.

గ్రేట్ టస్క్ బూస్టర్ ఎనర్జీతో స్పీడ్ పెంచుకుని 228కి వస్తుందేమోనన్న భయం అక్కర్లేదు. దాని గుణం ప్రోటోసింథసిస్ ఎత్తేది అన్నింటికన్నా పెద్ద అంకెని. టస్క్ అటాక్, డిఫెన్స్ ఈవీలు ఏమీ వేయకుండానే 151 ఉంటాయి, జాలీ స్పీడ్ 152. అటాక్‌లో నాలుగు ఈవీలు వేసినా 152 అయి సమానమవుతుంది, సమానమైతే అటాక్‌నే ఎత్తుతుంది. అంటే స్పీడ్ బూస్టర్ టస్క్ కావాలంటే అటాక్ ఖాళీగా వదిలేయాలి. అలాంటి టస్క్ కొట్టినా నీకు పెద్దగా నొప్పి ఉండదు.

మోడెస్ట్ పక్షాన కూడా ఒక మాట ఉంది, అది దాచడం న్యాయం కాదు. ఒక డ్యాన్స్ తర్వాత ఫైరీ డ్యాన్స్‌తో గ్రేట్ టస్క్‌ని కొడితే టైమిడ్ 174 నుంచి 205, మోడెస్ట్ 190 నుంచి 225. హెచ్‌పీలో, అంటే ప్రాణంలో, 252 వేసిన టస్క్‌కు 222 ఉంటుంది. దాన్ని టైమిడ్ ఎప్పటికీ ఒక్క దెబ్బకు తీయలేదు, మోడెస్ట్ పదహారు రోల్స్‌లో (ఒకే దెబ్బ అదృష్టాన్ని బట్టి పడే పదహారు అంకెలు) రెండింటికే తీస్తుంది. ఆ మాత్రానికి స్పీడ్ వదలక్కర్లేదు. కానీ హెచ్‌పీలో నాలుగే వేసిన టస్క్ 191 దగ్గర ఉంటుంది. అక్కడ టైమిడ్‌కు పదహారింట ఏడు, మోడెస్ట్‌కు పదహారింట పదిహేను. మీ బ్యాచ్‌లో స్కార్ఫ్ కట్టేవాళ్లు ఎవరూ లేరని తెలిస్తే మోడెస్ట్ బాగానే పలుకుతుంది. ఒక్కరున్నా టైమిడే.

ఇక ఆ నాలుగు ఈవీలు. స్పెషల్ డిఫెన్స్‌లోంచి తీసి హెచ్‌పీలో పెట్టు. లెవల్ 50లో హెచ్‌పీకి ఏమీ వేయకపోతే వోల్కరోనా 160, నాలుగు వేస్తే 161. బగ్, ఫైర్ రెండూ రాక్‌కు బలహీనమే కాబట్టి స్టెల్త్ రాక్ సరిగ్గా సగం తీస్తుంది, భిన్నం వస్తే కిందికి కత్తిరిస్తుంది. 160 ఉంటే 80, మళ్లీ 80, రెండోసారి అడుగుపెట్టగానే పడిపోతుంది. 161 ఉంటే 80 పోయి 81, ఇంకో 80 పోయి 1. ఆ ఒక్కటి మిగిలితే చాలు, ఒక దెబ్బ కొట్టి వెళ్లిపోవచ్చు.

షోడౌన్ అనే ఆన్‌లైన్ సిమ్యులేటర్‌లో లెవల్ 100 ఫార్మాట్లు ఆడేవాళ్లకు ఇది తిరగబడుతుంది, జాగ్రత్త. అక్కడ హెచ్‌పీకి సున్నా ఈవీలైతే 311, బేసి. నాలుగు వేస్తే 312, సరి. అక్కడ రాసిన సెట్‌ని ఇక్కడికి అలాగే ఎక్కించుకుంటే ఒక పాయింట్ తేడాలో గేమ్ పోతుంది.

గాజువాక_గాలిదుమారం:

మాస్టారూ, బేసి హెచ్‌పీ లెక్క తప్పు కాదు గానీ శలభం అడిగిన సందర్భానికి అది మందు కాదు. జాలీ గ్రేట్ టస్క్ 252 అటాక్‌తో నాక్ ఆఫ్ కొడితే, వస్తువు ఉంది కాబట్టి ఒకటిన్నర రెట్లు పెరిగి, ఆ 161లో 79 నుంచి 93 పోతుంది. మిగిలేది 68 నుంచి 82. ఆ తర్వాత రాళ్ల మీదికి వస్తే 80 పోవాలి. ఇంకేటి మిగిలింది? రెండుసార్లు దిగే లెక్క పనికొచ్చేది రెండు చోట్లే. నువ్వే బూట్లు వద్దనుకుని వేరే వస్తువు పెట్టినప్పుడు, లేదా ఎవడో ట్రిక్‌తో బూట్లు పట్టుకుపోయి ప్రాణం మాత్రం నిండుగా వదిలినప్పుడు. నాలుగు ఈవీలు హెచ్‌పీలోనే వేయి, నష్టం లేదు. దాన్ని నమ్ముకుని మాత్రం టస్క్ ముందుకు దింపకు.

అసలు విషయం, టస్క్ మైదానంలో ఉండగా వోల్కరోనాని స్విచ్ చేసి తేవడమే తప్పు. ముగ్గురి ఆటలో ఇది ఒక్కసారే దిగాలి. మనవాడు ఒకడు పడిపోయాక దిగితే దెబ్బ తినకుండా దిగుతుంది, లేదా గడ్డి రకమో స్టీల్ రకమో ఎదురుగా ఉన్నప్పుడు దిగాలి. గడ్డి దెబ్బ దీనికి నాలుగో వంతే తగులుతుంది. ఫైటింగ్, స్టీల్, ఐస్, ఫెయిరీ, బగ్ దెబ్బలు సగం. రిల్లబూమ్, ఘోల్డెంగో లాంటివి దీన్ని చూసి వెనక్కి పోతాయి, అదే డ్యాన్స్ వేసే టర్న్. ఘోల్డెంగో దగ్గర థండర్ వేవ్ ఉందేమో ముందు చూసుకో. పెరాలిసిస్ తగిలితే స్పీడ్ సగమైపోతుంది, డ్యాన్స్ వేసి సంపాదించినదంతా గాలికే.

కింగాంబిట్ ఇంకో రకం. దాని సక్కర్ పంచ్ నువ్వు దెబ్బ కొట్టే ఎత్తు ఎంచుకున్నప్పుడే పనిచేస్తుంది. ప్రాణం నిండుగా ఉంటే మొదటి టర్న్‌లో డ్యాన్స్ వేసెయ్, సక్కర్ పంచ్ కొట్టి ఉంటే అది వృథా. ఆడమంట్ కింగాంబిట్ సక్కర్ పంచ్ ఏ వస్తువూ లేకుండా 96 నుంచి 114, అంటే నిండు ప్రాణంతో ఒకటి తట్టుకుంటావు, రెండోది తట్టుకోలేవు. దానివైపు ఇద్దరు పడ్డాక వచ్చిందంటే దాని గుణం సుప్రీమ్ ఓవర్‌లార్డ్ మరో ఇరవై శాతం కలుపుతుంది, అది మర్చిపోతే గోవిందా.

టస్క్ ఎక్కువ తిరిగే చోట నేనైతే వేగం సెట్ కాకుండా గట్టి సెట్ ఆడమంటాను. డిఫెన్స్ పెంచే బోల్డ్ నేచర్, హెచ్‌పీ 244, డిఫెన్స్ 84, స్పీడ్ 180. క్వివర్ డ్యాన్స్, ఫైరీ డ్యాన్స్, మార్నింగ్ సన్, నాలుగో గదిలో విల్-ఓ-విస్ప్ లేదా గిగా డ్రెయిన్. బూట్స్.

అంకెలు ఊరికే పెట్టినవి కావు. 180 స్పీడ్‌తో 143 వస్తుంది, ఒక డ్యాన్స్‌తో 214. జాలీ డ్రాగాపుల్ట్ 213 కదా, దాన్ని ఒక్క పాయింట్‌తో దాటుతావు. 172కి తగ్గిస్తే 142, డ్యాన్స్‌తో 213, టై. హెచ్‌పీ 244తో 191, మాస్టారు చెప్పిన బేసి అంకె. 252 వేస్తే 192 అయ్యి సరి అయిపోతుంది, పైగా ఎనిమిది ఈవీలు దండగ. డిఫెన్స్ 105 దగ్గర ఆగుతుంది.

దీని మీద అదే టస్క్ హెడ్‌లాంగ్ రష్ 118 నుంచి 141. వేగం సెట్ మీద అదే దెబ్బ 145 నుంచి 172, అంటే పదహారింట ఏడుసార్లు ఒక్క దెబ్బకే పోతావు. గట్టి సెట్‌కు ఆ భయం లేదు. హెడ్‌లాంగ్ రష్ తాకే దెబ్బ కాబట్టి ఫ్లేమ్ బాడీ వల్ల మూడింట ఒకసారి కన్నా కాస్త తక్కువగా, అంటే 30 శాతం, టస్క్‌కు బర్న్ అంటుకుంటుంది. అంటుకున్నాక అదే దెబ్బ 59 నుంచి 70. అప్పుడు ఎదురుగా కూర్చుని మార్నింగ్ సన్ కొట్టుకోవచ్చు. ఎర్త్‌క్వేక్, స్టోన్ ఎడ్జ్, రాక్ స్లైడ్ తాకవు, వాటికి ఫ్లేమ్ బాడీ పలకదు. ఈ తేడా తెలియకనే చాలామంది ఫ్లేమ్ బాడీ మోసం చేసిందంటారు.

హెడ్‌లాంగ్ రష్ కొట్టిన ప్రతిసారీ టస్క్ తన డిఫెన్స్, స్పెషల్ డిఫెన్స్ రెండూ ఒక్కో మెట్టు దించుకుంటుంది. అది కొట్టిన తర్వాతి టర్న్‌లో నువ్వు కొట్టే ఫైరీ డ్యాన్స్ ఒకటిన్నర రెట్లు పడుతుంది. ఆ టర్న్ వదలకు.

లెక్కల_మాస్టారు:

గట్టి సెట్‌కు ఒక చిల్లు ఉంది, దుమారం చెప్పలేదు. మార్నింగ్ సన్ మామూలుగా సగం నింపుతుంది, ఎండ ఉంటే మూడింట రెండు వంతులు. ఇసుక, వాన, మంచు ఏది ఉన్నా పావు వంతే. హిప్పౌడన్ దిగిందంటే ఇసుక తుఫాను లేస్తుంది, నీకు ప్రతి టర్న్ చివర పదహారో వంతు కూడా పోతుంది. హిప్పౌడన్ చూపించిన టీమ్ మీద ఈ సెట్ దింపొద్దు. విల్-ఓ-విస్ప్ గురి 85 శాతం, అదీ గుర్తుంచుకో.

ఇంకొకటి, బోల్డ్‌లో స్పెషల్ అటాక్ 155 మాత్రమే. ఒక డ్యాన్స్ తర్వాత కూడా 222 హెచ్‌పీ టస్క్ మీద 144 నుంచి 169. ఫైరీ డ్యాన్స్‌కు సగం సార్లు స్పెషల్ అటాక్ ఒక మెట్టు ఎక్కే గుణం ఉంది, దాన్ని నమ్ముకుని నెమ్మదిగా ఆడాలి. అవకాశం చూసి ముగించేయాలనుకునేవాళ్లకు ఈ సెట్ చిరాకు పుట్టిస్తుంది.

ఎంవీపీ_మిరపబజ్జీ:

టెరా గురించి ఎవరూ మాట్లాడట్లేదు, బూట్ల సమస్యకు అసలు జవాబు అక్కడే ఉంది.

టెరా చేశాక స్టెల్త్ రాక్ కొత్త రకాన్ని బట్టి తగులుతుంది. టెరా వాటర్ లేదా టెరా గ్రాస్ అయితే ఎనిమిదో వంతు, 161లో 20. టెరా గ్రౌండ్ అయితే పదహారో వంతు, 10. అంటే బూట్లు ఊడిన వోల్కరోనా టెరా చేసి ఉంటే మళ్లీ మళ్లీ దిగొచ్చు. చేయకముందు వెనక్కి వెళ్తేనే 80 పోయేది. కాబట్టి బూట్లు ఊడిన టర్న్‌లో భయపడి స్విచ్ చేసే కన్నా అక్కడే టెరా చేసి నిలబడటం చాలాసార్లు మేలు.

ఏ టెరా అన్నది ఆ ముగ్గురిలో ఎవరి బాధ ఎక్కువో దాన్ని బట్టి.

హీట్రాన్ బాధ ఎక్కువైతే టెరా గ్రౌండ్, బగ్ బజ్ తీసేసి టెరా బ్లాస్ట్. హీట్రాన్‌కు ఫ్లాష్ ఫైర్ ఉంటే ఫైరీ డ్యాన్స్ తగలకపోగా దాని నిప్పు దెబ్బలు పెరుగుతాయి, గిగా డ్రెయిన్ పావు వంతు, బగ్ బజ్ కూడా పావు వంతే. గ్రౌండ్ దెబ్బ మాత్రం నాలుగు రెట్లు. టైమిడ్ వోల్కరోనా డ్యాన్స్ లేకుండా కొట్టినా తక్కువ రోల్‌లోనే 268. హెచ్‌పీలో 252 వేసిన హీట్రాన్ మొత్తం 198, దాని స్పెషల్ డిఫెన్స్‌కు ఏమీ వేయనప్పుడు లెక్క ఇది. ఒక్క షరతు, దాని దగ్గర ఎయిర్ బెలూన్ ఉండకూడదు. బెలూన్ ఉంటే దిగగానే తెర మీద ప్రకటన వస్తుంది, అది చూసి కూడా టెరా పాడుచేసుకునేవాళ్లు ఉన్నారు. ముందు ఏదైనా దెబ్బతో బెలూన్ పగలగొట్టి, ఆ తర్వాత టెరా.

గార్గనాకల్ ఎక్కువైతే టెరా గ్రాస్. నీ టెరా వాటర్ ఇక్కడ పచ్చి నష్టం. సాల్ట్ క్యూర్ మామూలు వాటికి ప్రతి టర్న్ ఎనిమిదో వంతు తీస్తుంది, వాటర్, స్టీల్ రకాలకు నాలుగో వంతు. 161లో 20 పోవాల్సిన చోట 40 పోతుంది, డ్యాన్స్ వేసేలోపే ఖాళీ. టెరా గ్రాస్ చేసి ఒక డ్యాన్స్ తర్వాత గిగా డ్రెయిన్ కొడితే, స్పెషల్ డిఫెన్స్‌కు ఏమీ వేయని గార్గనాకల్ మీద తక్కువలో తక్కువ 218, దాని నిండు హెచ్‌పీ 207. పోయిందంతే. కేర్‌ఫుల్ నేచర్‌తో 252 వేసినదైతే 152 నుంచి 182, ఒక్క దెబ్బకు పడదు, కానీ నీకు సగం తిరిగి వస్తుంది కాబట్టి రెండో దెబ్బ కొట్టే దాకా బతుకుతావు. టెరా లేకుండా, ఏమీ వేయనిదాని మీద కూడా 146 నుంచి 172 మాత్రమే. దాని ప్యూరిఫైయింగ్ సాల్ట్ స్టేటస్‌లను ఆపుతుంది, విల్-ఓ-విస్ప్ దాని మీద దండగ. గార్గనాకల్ కూడా టెరా చేస్తుందన్నది మరవకు. ఎదుటివాడి టెరా ఇంకా మిగిలి ఉంటే ఈ అంకెలన్నీ తారుమారు కావచ్చు.

టెరా గ్రాస్ చేస్తే ఫ్లయింగ్, ఐస్, ఫైర్, పాయిజన్, బగ్ దెబ్బలు రెండింతలు. రిల్లబూమ్, గ్రేట్ టస్క్ ఉన్న టీమ్ మీద హాయిగా ఉంటుంది. డ్రాగొనైట్ ఉన్న టీమ్ మీద టెరా గ్రాస్ చేస్తే దాని ఫ్లయింగ్ దెబ్బకు నువ్వే ఎర.

డ్రాగొనైట్ విషయంలో నిజం చెప్పాలంటే వోల్కరోనా ఒంటరిగా చేయగలిగింది తక్కువ. ఫైర్ సగం, బగ్ సగం, గ్రాస్ పావు, పైన నిండు ప్రాణంలో పనిచేసే మల్టీస్కేల్ వల్ల మొదటి దెబ్బ మళ్లీ సగం. ఎక్స్‌ట్రీమ్ స్పీడ్‌కు ప్రయారిటీ రెండు, నీ డ్యాన్స్ ఎన్ని వేసినా అదే ముందు కొడుతుంది. ఆడమంట్ 252 అయితే 73 నుంచి 86, టెరా నార్మల్ చేసి కొడితే 109 నుంచి 129. అందుకే దానికి పక్కవాడు కావాలి.

ఆ పక్కవాడు నువ్వు తిట్టుకుంటున్న గ్రేట్ టస్కే. నువ్వే ఒకటి పెంచు. హీట్రాన్ మీద గ్రౌండ్ నాలుగు రెట్లు, గార్గనాకల్ మీద రెండు రెట్లు, డ్రాగొనైట్ మీద ఐస్ స్పిన్నర్ నాలుగు రెట్లు. ముగ్గురికీ ఒకడే. పైగా రాపిడ్ స్పిన్‌తో నీవైపు రాళ్లు ఊడుస్తుంది, తనే స్టెల్త్ రాక్ వేస్తే బూట్లు లేని డ్రాగొనైట్‌కు దిగగానే పావు వంతు పోయి మల్టీస్కేల్ విరుగుతుంది. బూట్లు వోల్కరోనాకు ఇచ్చావు కాబట్టి టస్క్‌కు వేరే వస్తువు చూసుకో. ఘోల్డెంగో ఎదురుగా ఉంటే రాపిడ్ స్పిన్ తగలదు, అది ఘోస్ట్ రకం. అప్పుడు ముందు నాక్ ఆఫ్ కొట్టు.

సిరిపురం_శలభం:

టెరా గ్రాస్‌కు మారుస్తా, స్కార్ఫ్‌లు తిరుగుతున్నాయి కాబట్టి నేచర్ టైమిడే. టింగ్-లూ సంగతి ఎవరూ చెప్పలేదు. డోండోజో కూడా ఒకాయన తెస్తున్నారు.

లెక్కల_మాస్టారు:

టింగ్-లూ ముందు డ్యాన్స్ వేయకు, అంతే. వర్ల్‌విండ్ ప్రయారిటీ మైనస్ ఆరు, ఎప్పుడూ ఆఖర్న పడుతుంది. నువ్వు డ్యాన్స్ వేస్తే అదే టర్న్ చివర్లో తోసేస్తుంది, డ్యాన్స్ పోయింది, టర్నూ పోయింది. దానికి బదులు నేరుగా బగ్ బజ్ కొట్టు. దాని వెసెల్ ఆఫ్ రూయిన్ వల్ల నీ స్పెషల్ అటాక్ ముప్పావుకు పడిపోయి 187 కాస్తా 140 అవుతుంది. అయినా డార్క్ మీద బగ్ రెండింతలు కాబట్టి, హెచ్‌పీ నిండా వేసి స్పెషల్ డిఫెన్స్ వదిలేసిన టింగ్-లూకు 144 నుంచి 170. దాని మొత్తం 262. లెఫ్టోవర్స్ ఉన్నా మధ్యలో 16 తిరిగి వస్తుంది, రెండు దెబ్బలకు ఖాయం. మొదటి దెబ్బ తర్వాత నిన్ను తోసేసినా ఆ 144 వెనక్కి రాదు కదా. ఒక డ్యాన్స్ వేసి కొట్టినా 216 నుంచి 254 మాత్రమే, అదీ ఒక్క దెబ్బకు పడదు. అంటే డ్యాన్స్ వేయడం వల్ల దెబ్బల లెక్కలో నువ్వు మిగుల్చుకునేది ఏమీ లేదు.

కేర్‌ఫుల్, స్పెషల్ డిఫెన్స్ 252 వేసిన టింగ్-లూ అయితే 102 నుంచి 120, మూడు దెబ్బలు. దానికి టస్క్‌ని పంపు.

బగ్ బజ్ ఇందుకే ఉంచుకోమంటున్నా. మిరపబజ్జీ చెప్పిన టెరా గ్రాస్ సెట్‌లో అది పోనక్కర్లేదు, టెరా గ్రౌండ్ అయితేనే టెరా బ్లాస్ట్‌కు చోటు కోసం తీయాలి.

డోండోజో అన్‌అవేర్, నీ స్పెషల్ అటాక్ మెట్లను లెక్కచేయదు. కానీ దాని స్పెషల్ డిఫెన్స్ బేస్ 65 మాత్రమే. టెరా గ్రాస్ చేసి గిగా డ్రెయిన్ కొడుతూ పో, డ్యాన్స్ ఒక్కటి చాలు, అదీ స్పీడ్ కోసమే. అదే అన్‌అవేర్ ఉన్న క్లాడ్‌సైర్ అలా కాదు, గిగా డ్రెయిన్ మామూలుగానే తగులుతుంది. అది కనపడితే వోల్కరోనాని ఆ మ్యాచ్‌కు బెంచీ మీదే ఉంచు.

ద్వారకానగర్_డైమండ్:

సెట్ మార్చడానికి ఎంత కావాలో రాస్తున్నా, దుకాణంలో నిలబడి లెక్కపెట్టుకునే పని లేకుండా.

వేగం సెట్ మొదటినుంచి చేస్తే కాల్షియం 26, కార్బోస్ 26. ఒక్కో సీసా పది ఈవీలు, ఇరవై ఆరోది రెండే ఇస్తుంది, 252 దగ్గర ఆగిపోతుంది. హెచ్‌పీలో నాలుగు కోసం హెల్త్ ఫెదర్ నాలుగు, ఒక్కోటి ఒక్క ఈవీ. శలభం, నీకు ఇప్పటికే 252, 252 ఉన్నాయి కాబట్టి స్పెషల్ డిఫెన్స్‌లోని నాలుగు మాత్రం తీయాలి. గ్రెపా బెర్రీ ఒకటి తినిపిస్తే పది దాకా తగ్గుతాయి, అంటే సున్నా అవుతుంది. ఆ తర్వాత ఫెదర్లు. బెర్రీ తినిపించకుండా ఫెదర్లు వేస్తే మొత్తం 510 గోడ దగ్గర రెండో ఫెదర్‌కే ఆగిపోతావు.

దుమారం చెప్పిన గట్టి సెట్‌కు హెచ్‌పీ అప్ 24, హెల్త్ ఫెదర్ 4, ఐరన్ 8, రెసిస్ట్ ఫెదర్ 4, కార్బోస్ 18. మొత్తం యాభై సీసాలు, చాన్సీ సప్లైలో ఒక్కోటి పదివేలు, ఐదు లక్షలు. నేచర్ మార్చే బోల్డ్ మింట్ అదనం. వేగం సెట్ ఉన్నదాన్నే దీనికి మార్చాలంటే ముందు హోండ్యూ బెర్రీలతో స్పెషల్ అటాక్, టమాటో బెర్రీలతో స్పీడ్ దించాలి. నా సలహా, రెండోది వేరే గుడ్డు తీసి పెంచుకో. పార్టీలో ఫ్లేమ్ బాడీ ఉన్నది ఉంటే గుడ్లు సగం సమయంలో పొదుగుతాయి, వోల్కరోనా నీ దగ్గర ఎలాగూ ఉంది.

మార్నింగ్ సన్ కోసం ఎస్పియాన్ చాలు. దానికి మార్నింగ్ సన్ గుర్తుచేసి ఉంచు, లార్వెస్టాకు (వోల్కరోనా పిల్ల రూపం) ఎత్తుల్లో ఒక గది ఖాళీ చేసి మిర్రర్ హెర్బ్ పట్టించు, ఇద్దరితో పిక్నిక్ పెట్టు. గది ఖాళీ లేకపోతే ఏమీ జరగదు. పిక్నిక్ ముగించి మిర్రర్ హెర్బ్ తిరిగి తీసుకో, అది ఖర్చయిపోదు.

టెరా మార్చడానికి మెడాలీలో ట్రెజర్ ఈటరీ వంటవాడికి గ్రాస్ టెరా షార్డ్స్ 50 ఇవ్వాలి.

అటాక్ ఐవీ (పుట్టుకతో వచ్చే పాయింట్లు, 31 దాకా) వీలైనంత తక్కువ ఉండనివ్వు. హైపర్ ట్రెయినింగ్ చేసేటప్పుడు గోల్డ్ బాటిల్ క్యాప్ వాడితే అటాక్ కూడా నిండిపోతుంది, నీ అటాక్ అంకెతోనే నిన్ను కొట్టే ఫౌల్ ప్లే ఉన్నవాడికి నువ్వే బలం ఇచ్చినట్టు. మామూలు క్యాప్‌లు ఒక్కొక్కటిగా వాడు.

సిరిపురం_శలభం:

నా వోల్కరోనా లెవల్ 100లో ఉంది. ఫెదర్లు వేశాక బాక్స్‌లో హెచ్‌పీ 312 చూపిస్తోంది. సరి సంఖ్య కదా, మళ్లీ తీసేయాలా?

లెక్కల_మాస్టారు:

తీయకు. బాక్స్‌లో కనిపించేది లెవల్ 100 అంకె. లార్వెస్టా వోల్కరోనా అయ్యేదే 59 దగ్గర కాబట్టి బాక్స్‌లో లెవల్ 50 అంకె మామూలుగా కనపడదు. మ్యాచ్‌లోకి దిగాక ప్రాణం పట్టీ కింద 161/161 అని ఉంటే సరే. 160 ఉందంటే ఫెదర్లు నాలుగూ ఎక్కలేదు, లేదా హెచ్‌పీ ఐవీ 31 కాదు. ఐవీ అయితే లెవల్ 50 దాటింది కాబట్టి మామూలు బాటిల్ క్యాప్ ఒకటి హెచ్‌పీకి వాడు.

గాజువాక_గాలిదుమారం:

ఆదివారం వచ్చేముందు పరీక్షించుకోవాలంటే పోకీ పోర్టల్‌లో ఎల్ నొక్కి ఇంటర్నెట్‌లోకి వెళ్లకుండా, లోకల్‌గానే ఒకే లింక్ కోడ్ కొట్టి నాతో ఆడు. బీచ్ దగ్గర నెట్ లేకపోయినా పనిచేస్తుంది. నేను స్కార్ఫ్ గార్చోంప్ తెస్తా.